కబడ్డీలో తలకు దెబ్బ: వైజాగ్‌లో మేం వెళ్లిన స్పోర్ట్స్ క్లినిక్

ఎంవీపీ కాలనీలో రెండో అంతస్తులో ఉన్న క్లినిక్ ఇది. ఐదుకి నాలుగు ఇస్తాను. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయను. లిఫ్టు లేదు. వెయిటింగ్ హాల్లో టీవీ అరుస్తూనే ఉంటుంది. తల తిరుగుతూ, వెలుతురు పడక కళ్లు మూసుకుని కూర్చునే పిల్లలు వచ్చే చోట ఆ టీవీ ఎందుకో! చెబితే సౌండ్ తగ్గించారు. మళ్లీసారి వెళ్తే షరా మామూలే.

మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, కబడ్డీలో లెఫ్ట్ కార్నర్. రైడర్ కాలు పట్టబోతే మోకాలు కణతకి తగిలింది. స్పృహ తప్పలేదు కానీ అడిగిందే మళ్లీ మళ్లీ అడిగింది. సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. ‘ఇంకేంటమ్మా, సోమవారం గ్రౌండ్‌కి పంపండి’ అన్నారు కోచ్. మా అత్తగారేమో పదిహేను రోజులు చీకటి గదిలో పడుకోబెట్టమన్నారు.

ఈ రెండూ వద్దని ఎందుకంటున్నారో ఫిజియో మేడమ్ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. నా నాలుగు మార్కుల్లో మూడు దానికే. సీటీలో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి తెలుస్తాయి. కంకషన్‌లో, అంటే దెబ్బకి మెదడు అదిరినప్పుడు, చెడేది కణాల పని. దెబ్బ అదురుకి మెదడు కణాల్లోంచి పొటాషియం బయటికి పోతుంది, సోడియం, కాల్షియం లోపలికి వస్తాయి. వాటిని తిరిగి సర్దడానికి కణాలు గ్లూకోజ్‌ని విపరీతంగా ఖర్చు చేస్తాయి. సరిగ్గా అప్పుడే మెదడుకి రక్తప్రసరణ తగ్గుతుంది. ఇంటి నిండా చుట్టాలు దిగిన రోజే కుళాయి సన్నగా వచ్చినట్టు! ఆ తర్వాత గ్లూకోజ్ వాడకమే మందగిస్తుంది. ఎలుకల్లో ఈ మందగింపు 7 నుంచి 10 రోజులు ఉంటుందట. అమెరికాలో గిజా, హోవ్డా అనే శాస్త్రవేత్తలు 2001లోనే ఇదంతా వివరించారు.

పిల్లని తొందరపడి గ్రౌండ్‌కి పంపకుండా నన్ను ఆపింది మాత్రం ఇటలీ లెక్క. 2010లో అక్కడ కంకషన్ అయిన 40 మంది ఆటగాళ్ల మెదడులో ఎన్ఏఏ అనే రసాయనాన్ని స్కాన్‌తో కొలిచారు. కణాల శక్తి పరిస్థితి దాన్నిబట్టి తెలుస్తుంది. తలనొప్పి లాంటివి 3 నుంచి 15 రోజుల్లో పోయాయి, ఎన్ఏఏ మామూలు స్థాయికి రావడానికి 30 రోజులు పట్టింది. అంటే ‘నాకేం లేదమ్మా, బాగానే ఉన్నాను’ అని పిల్ల నిజమే చెప్పినా లోపల పని ఇంకా నడుస్తుండొచ్చు. ఆ సందులో ఇంకో దెబ్బ తగిలితే కోలుకోవడం మరీ ఆలస్యం.

అలాగని మంచానికి కట్టెయ్యరు. మొదటి ఒకటి రెండు రోజులే విశ్రాంతి, ఫోన్ తక్కువ. తర్వాత ట్రెడ్‌మిల్ టెస్ట్. వేగం పెంచరు, నిమిషానికోసారి ఎత్తు పెంచుతూ ‘పదికి ఎంత బాధ?’ అని అడుగుతారు. గుండె వేగం 140 దగ్గర మా పిల్లకి తల బరువెక్కింది, ఆపేశారు. 125 దాటకుండా రోజూ 20 నిమిషాలు నడవమన్నారు. పొద్దున్నే బీచ్ రోడ్డులో నేనూ వెంట నడిచాను, నాకే ఎక్కువ ఆయాసం. ఈ పద్ధతి మీద 2019లో వచ్చిన అమెరికా అధ్యయనంలో వ్యాయామం చేసిన టీనేజర్లలో సగం మంది 13 రోజుల్లో, ఊరికే స్ట్రెచింగ్ చేసినవాళ్లలో సగం మంది 17 రోజుల్లో కోలుకున్నారు.

పూర్తిగా కాలేజీకి వెళ్లి చదువుకోగలిగాకే పట్టు ప్రాక్టీస్ అన్నారు. కోచ్‌కి మేడమే ఫోన్ చేసి గట్టిగా చెప్పారు. నేను చెబితే ‘తల్లి కదా, టెన్షన్’ అనుకునేవారు.

టెస్ట్ ఫీజు ముందు చెప్పరు, బిల్లు చూశాకే తెలుస్తుంది. ఇంటికిచ్చే సూచనలన్నీ ఇంగ్లీషులోనే. మా అత్తగారికి నేనే చదివి వినిపించాల్సి వచ్చింది. సాయంత్రం మోకాళ్ల నొప్పులవాళ్ల రద్దీ ఎక్కువ, ఉదయం అపాయింట్‌మెంట్ తీసుకోండి. టీవీ రిమోట్ రిసెప్షన్ డ్రాయర్లో ఉంటుంది, అడిగితే ఇస్తారు.