డెట్రాయిట్‌లో లేని స్టేడియం చూడ్డానికి వెళ్తే

డెట్రాయిట్ శివార్లలో నోవైలోనో కాంటన్‌లోనో చుట్టాలింటికి వచ్చినవాళ్లను మనవాళ్లు హెన్రీ ఫోర్డ్ మ్యూజియం చూపించి, నేరుగా నయాగరాకు బయల్దేరదీస్తారు. డెట్రాయిట్ ఊళ్లోకి వెళ్దామంటే మాత్రం "అక్కడేముంది?" అంటారు. ఆటలంటే ఇష్టముంటే కార్క్‌టౌన్‌లోని మిషిగన్ అవెన్యూ, ట్రంబుల్ కూడలికి వెళ్లమంటాను. డెట్రాయిట్ బేస్‌బాల్ జట్టు టైగర్స్ ఆడిన టైగర్ స్టేడియం ఒకప్పుడు ఉన్న చోటది.

1912 ఏప్రిల్ 20న నేవిన్ ఫీల్డ్ పేరుతో తెరిచారు. బోస్టన్ ఫెన్‌వే పార్క్‌లో తొలి లీగ్ మ్యాచ్ జరిగిందీ అదే రోజు. ఫెన్‌వేలో ఇప్పటికీ ఆడుతున్నారు. ఇక్కడ మాత్రం 1999 సెప్టెంబర్ 27న ఆఖరి మ్యాచ్ అయింది. దాదాపు పదేళ్లు పాడుబెట్టి 2009కల్లా మొత్తం కూల్చేశారు. జైలు నుంచి విడుదలైన కొన్ని నెలలకే, 1990 జూన్‌లో, నెల్సన్ మండేలా మాట్లాడింది ఈ మైదానంలోనే.

ఇప్పుడక్కడ పిల్లలు ఆడుకునే చిన్న బాల్‌పార్క్ ఉంది. పాతదాంట్లో మిగిలింది 125 అడుగుల జెండా స్తంభం. అది హద్దు లోపలే ఉండేది, బంతి దానికి తగిలినా ఆట ఆగేది కాదు. బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్ నుంచి అక్కడికి 440 అడుగులు. క్రికెట్ బౌండరీ ఎంత దూరం పెట్టినా 270 అడుగులు దాటదు కదా, ప్లేట్ దగ్గర నిలబడి చూస్తే ఆ దూరానికి గుండె జారుతుంది. టైగర్స్ పాతకాలపు మేటి బ్యాటర్ టై కాబ్ మెల్లగా తట్టిన బంతి దొర్లకుండా ఆ ప్లేట్ ముందు నేలను నీళ్లతో తడిపేవారట. కూల్చివేత తర్వాత అభిమానులే వచ్చి ఏళ్ల తరబడి గడ్డి కోసి కాపాడిన నేల ఇది. చివరికి దాని మీద ప్లాస్టిక్ గడ్డి పరిచారు. నాకైతే నచ్చలేదు.

టైగర్స్ 2000లో కమెరికా పార్క్ అనే కొత్త స్టేడియానికి మారారు. సౌకర్యంగా ఉంటుంది, పిల్లలకు పులుల రంగులరాట్నం కూడా ఉంది. పాత స్టేడియంలో స్తంభాలు కొన్ని సీట్లకు అడ్డొచ్చేవి గానీ, వాటి దయవల్లే పై అంతస్తు మైదానం మీదికి వంగి ఉండేదట. కొత్తదాంట్లో పై సీట్లు బాగా దూరం.

బస సంగతికొస్తే, డౌన్‌టౌన్‌లో నేను దిగిన హోటల్‌లో గది శుభ్రంగానే ఉంది, పార్కింగ్ బిల్లు చూశాకే కళ్లు తిరిగాయి. బుక్ చేసేముందే అడగండి. మ్యాచ్ రోజున కారు దూరంగా పెట్టి, ఉడ్‌వర్డ్ మీద తిరిగే క్యూలైన్ ట్రామ్ ఎక్కండి, టికెట్ అక్కర్లేదు.

కార్క్‌టౌన్‌కు గంట చాలు. గేటు మూసి ఉన్నా జెండా స్తంభం బయటికి కనిపిస్తుంది. అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే మిషిగన్ సెంట్రల్ స్టేషన్. 1988లో మూతపడి శిథిలమైన ఆ భవనాన్ని ఫోర్డ్ కంపెనీ బాగుచేయించి 2024లో తెరిచింది. లోపలి హాలు చూడకుండా వెనక్కి రావద్దు.