వలస వెళ్లే మహిళకు ఏ పరీక్ష మేలు: వినెగార్, పాప్ స్మియర్, హెచ్‌పీవీ

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ముందే పసిగట్టే మూడు పరీక్షల్లో ఏది మేలన్న ప్రశ్నకు, కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి మిరప కోతలకు గుంటూరు వైపు వలస వెళ్లే మహిళలను తలచుకుంటే, జవాబు అంత సులభంగా తేలదు.

ఈ జబ్బుకు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ అనే వైరస్. అందులో 16, 18 రకాలే సుమారు 70 శాతం కేసులకు కారణం. చాలామందిలో అది దానంతటదే పోతుంది. ఏళ్ల తరబడి నిలిచిపోయిన వారిలో కణాలు మారి క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇంత గడువు ఉన్నా, 2022 అంచనాల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే దాదాపు 80,000 మంది దీనితో చనిపోయారంటే బాధ కలుగుతుంది.

ముఖద్వారం నుంచి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసే పాప్ స్మియర్‌కు స్లయిడ్ చదివే నిపుణులు కావాలి, పరీక్షను మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. పల్లెలకు అది కుదరదు.

కచ్చితత్వంలో, ఆ వైరస్‌నే వెతికే హెచ్‌పీవీ పరీక్షదే పైచేయి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ (ఇప్పటి ధారాశివ్) జిల్లాలో జరిగి 2009లో వెలువడిన అధ్యయనంలో, ఒక్కసారి చేసిన ఈ పరీక్షతోనే మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. మిగిలిన రెండు పరీక్షలకు అక్కడ అంతటి ఫలితం కనబడలేదు. నమూనాను మహిళ తానే తీసుకోవచ్చు కనుక బిడియపడే వారికి ఇది పెద్ద ఊరట. అయితే ఖర్చు ఎక్కువ, ఫలితం చాలాచోట్ల కొన్ని రోజుల తర్వాతే వస్తుంది. అప్పటికి ఆమె మిరప చేలో ఉంటుంది.

వినెగార్ పరీక్షలో, పలచని ఎసిటిక్ ఆమ్లం పూసిన నిమిషానికి, కణాలు మారిన చోట తెల్లమచ్చలు కనబడతాయి, తగిన వారికి అదే రోజు చికిత్స కూడా చేయవచ్చు. తమిళనాడులోని దిండిగల్ అధ్యయనంలో దీనితో మరణాలు 35 శాతం తగ్గాయి. చూసే కంటి నైపుణ్యం మీద ఆధారపడటం దీని లోపం. ముట్టు నిలిచాక మార్పు వచ్చే భాగం లోపలికి జరుగుతుంది కాబట్టి పెద్ద వయసు వారికి ఇది అంతగా పనికిరాదు.

అందుకే, ఫలితం మనిషికి అందుతుందన్న భరోసా ఉన్నచోట హెచ్‌పీవీ పరీక్షే మేలు. అది లేనిచోట, 30 దాటి ఇంకా ముట్టు ఆగని వారికి వలసకు ముందే శిబిరం పెట్టి వినెగార్ పరీక్ష చేయడం, మంచి పరీక్ష వస్తుందని ఎదురుచూడటం కన్నా ఎంతో నయమని నా నిశ్చితాభిప్రాయం. ఆలస్యమై జబ్బు ముదిరితే సుమారు ఐదు వారాల రేడియేషన్, దానితోపాటు కీమో, ఆపై లోపలి నుంచి ఇచ్చే రేడియేషన్ అవసరమవుతాయి. కూలి మానుకొని అన్నాళ్లు ఆసుపత్రి చుట్టూ తిరగడం ఎందరికి సాధ్యం?

ఈ పరీక్షలన్నీ లక్షణాలు లేనివారి కోసమే. ముట్టు నిలిచాక రక్తం కనబడినా, కలయిక తర్వాత రక్తస్రావమైనా, దుర్వాసనతో తెల్లబట్ట అవుతున్నా శిబిరం కోసం ఆగకుండా నేరుగా స్త్రీ వైద్య నిపుణులను కలవాలి. అనుమానం ఉన్నచోట ముక్క తీసి చూడనిదే ఏమీ లేదని నమ్మి ఇంటికి తిరిగి రాకూడదు.