ఇండియానా జోన్స్: నాలుగోది మేలా, ఐదోది మేలా?

1981, 1984, 1989లో వచ్చిన మూడు సినిమాలతో, పురాతన వస్తువుల వేటలో సాహసాలు చేసే ప్రొఫెసర్ ఇండియానా జోన్స్ కథ నిండుగా ముగిసింది. ఆ తర్వాత పంతొమ్మిదేళ్లకు 2008లో నాలుగోది, ఇంకో పదిహేనేళ్లకు 2023లో ఐదోది వచ్చాయి. బెంగళూరులో మా బావగారి ఫ్లాట్‌లో ఈ మాట మొదలైతే అన్నం చల్లారిపోవాల్సిందే. "ఆ రెండూ అసలు తీయకుండా ఉండాల్సింది" అంటారాయన. "మరి రెండూ మొదటి రోజే ఎందుకు చూశారు బావగారూ?" అంటే, "ఆగలేక" అంటారు. నా పరిస్థితీ అంతే.

నాలుగోదానికి ఉన్న బలం దర్శకుడు స్పీల్‌బర్గ్. కారు మీద పడిన నీడలో హీరో టోపీ పెట్టుకునే షాట్ ఒక్కటి చాలు, పాత ప్రాణం లేచొస్తుంది. కాలేజీలోంచి దూసుకుపోయే బైక్ ఛేజ్ కూడా బాగుంటుంది. అణుపరీక్ష జరిగే చోట ఫ్రిజ్‌లో దాక్కుని బతికి బయటపడటాన్ని సరదాగానే తీసుకోవచ్చు. నాకు మింగుడుపడనిది అడవి ఛేజ్. మొదటి సినిమాలో లారీ కింద ఈడ్చుకుపోయే ఫైట్ చూస్తుంటే మన మోచేతులు గీరుకుపోయినట్టు ఉంటుంది. ఇక్కడ కోతులతో పాటు హీరో కొడుకు తీగలు పట్టుకుని ఊగుతుంటే ఎవరికీ ఏమీ కాదని ముందే తెలిసిపోతుంది. ఆ టెన్షన్ లేకపోతే అడ్వెంచర్ ఎక్కడిది?

ఐదోది జేమ్స్ మ్యాన్‌గోల్డ్ తీశాడు. లోపాలు తక్కువేం కాదు. 1944 నాటి రైలు ఎపిసోడ్‌లో హీరో హారిసన్ ఫోర్డ్ మొహాన్ని కుర్రాడిలా మార్చారు, గొంతు మాత్రం పెద్దాయనదే. టాంజియర్‌లో ఆటోల ఛేజ్ సాగీ సాగీ విసిగిస్తుంది. అయినా విడుదలనాటికి 80 ఏళ్లున్న ఫోర్డ్ వయసును ఈ సినిమా దాచదు. 1969లో పక్కవాళ్ల పాటల మోతకు విసుక్కుంటూ లేచే ముసలాయన, రిటైర్మెంట్ రోజు, విడిపోయే దశలో ఉన్న భార్య. పడవలో కూర్చుని, వియత్నాం యుద్ధంలో చనిపోయిన కొడుకు గురించి మాట్లాడేటప్పుడు ఫోర్డ్ మొహం చూడండి. ముందు సినిమాలో ఆ కొడుకు పాత్ర ఎవరికీ పెద్దగా నచ్చలేదు, ఇక్కడ అతను కనిపించకుండానే ఏడిపిస్తాడు. చివర్లో కాలంలో వెనక్కి వెళ్లి క్రీస్తుపూర్వం 212 నాటి గ్రీకు నగరం సిరక్యూస్‌కు చేరాక, "నేనిక్కడే ఉండిపోతా" అని హీరో బతిమాలడం నాకు చాలా సహజంగా అనిపించింది. జీవితమంతా చరిత్ర చెప్పిన మనిషి ఇంకేం కోరుకుంటాడు?

వసూళ్లలో నాలుగోదే గెలిచింది: దాదాపు 79 కోట్ల డాలర్లు. ఐదోదానికి అందులో సగం కూడా రాలేదు. ఈ లెక్క నాకు బాధగా ఉంది.

కొత్తగా చూసేవాళ్లు మొదటి మూడూ వరుసగా చూడండి. ఆ మనిషి మీద ఇష్టం ఇంకా తీరకపోతే ఐదోదానికి వెళ్లండి. నాలుగోదాంట్లో హీరో భార్య అయ్యే మేరియన్ మళ్లీ కనిపించే భాగం మాత్రం ముందే చూసుకోవాలి, లేకపోతే ఐదోదాంట్లో ఆమె ఇంటికొచ్చే సీన్ విలువ సగమే అందుతుంది.