ముక్కు కుట్టించుకున్నా, టాటూ వేయించుకున్నా: మెడికల్ షాపులో ఏది కొనాలి, ఏది అక్కడే వదిలేయాలి

కొత్తగా ముక్కు కుట్టించుకున్న అమ్మాయికి అమ్మమ్మ పసుపు, కొబ్బరినూనె పెట్టమంటుంది. స్నేహితురాలు డెటాల్ అంటుంది. మెడికల్ షాపతను నియోస్పోరిన్ పౌడరో సోఫ్రామైసిన్ ట్యూబో చేతిలో పెడతాడు. టాటూ వేయించుకున్నవాళ్లదీ ఇదే పరిస్థితి. అందరూ మంచి కోరే చెబుతారు గానీ, వీటిలో చాలావాటివల్ల పుండు త్వరగా మానదు, కొన్నైతే మానుతున్నదాన్ని వెనక్కి లాగుతాయి. నిజంగా డబ్బు పెట్టి కొనదగ్గవి రెండే: 0.9 శాతం నార్మల్ సెలైన్, చర్మానికి అంటించే టెగాడెర్మ్ రకం పలచటి ఫిల్మ్. మొదటిది కుట్టిన చోటికి, రెండోది టాటూకి. రెండింటిలోనూ లోపాలున్నాయి, అవీ చెప్పుకుందాం.

నార్మల్ సెలైన్

ఉప్పు, నీళ్లు, అంతే. 100 మిల్లీలీటర్లలో 0.9 గ్రాముల సోడియం క్లోరైడ్ ఉంటుంది. మన ఒంట్లో ఉండే ద్రవాల గాఢత కూడా దాదాపు ఇంతే కాబట్టి కొత్తగా పుడుతున్న కణాలు దీనికి ఉబ్బవు, ఎండిపోవు, మంటా పుట్టదు. క్రిములను చంపడం దీని పని కాదు. బెజ్జం చుట్టూ కట్టిన పక్కును నానబెట్టి కడిగేయడమే దీని పని, మానుతున్న బెజ్జానికి కావలసిందీ అదే. అమెరికాలోని అసోసియేషన్ ఆఫ్ ప్రొఫెషనల్ పియర్సర్స్ కూడా ఉప్పు తప్ప ఇంకేమీ కలపని స్టెరైల్ (క్రిములు లేకుండా చేసిన) సెలైన్‌నే వాడమంటుంది.

కొనేటప్పుడే ఎక్కువమంది పొరబడతారు. షాపులో ఉత్త "సెలైన్" అని అడగకండి, "ఎన్ఎస్" (నార్మల్ సెలైన్) అని అడగండి. లేబుల్ మీద సోడియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఐ.పి., 0.9 శాతం అని ఉండాలి. డీఎన్ఎస్ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి, అందులో 5 శాతం గ్లూకోజ్ కూడా ఉంటుంది. పుండు మీద చక్కెర నీళ్లు పోసినట్టే అవుతుంది, ఆరాక జిగురుగా అంటుకుంటుంది. 0.45 శాతం, 3 శాతం బాటిళ్లు కూడా అదే అరలో ఉంటాయి, అవి వేరే అవసరాలకు. ముక్కులో వేసుకునే సెలైన్ చుక్కలు కూడా దీనికి బదులు కావు. వాటిలో చాలావాటిలో ఉప్పు 0.65 శాతమే ఉంటుంది, పైగా బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ కలుపుతారు. కాంటాక్ట్ లెన్స్ ద్రావణం అసలే వద్దు.

ఇక లోపం. ఈ బాటిల్‌లో ప్రిజర్వేటివ్ ఏదీ ఉండదు. మంచిదే, కానీ ఒకసారి తెరిచాక 24 గంటల్లో మిగిలింది పారబోయాల్సిందే. 500 మి.లీ. బాటిల్ కొని నెలంతా ఫ్రిజ్‌లో దాచుకుని వాడితే క్రిములను పెంచి ముక్కుకు పోసుకున్నట్టే. 100 మి.లీ. బాటిల్ కొంత మేలు. అన్నిటికంటే అనువైనవి 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంప్యూల్స్. మూతి తిప్పితే తెగుతుంది, ఒక పూటకు ఒకటి సరిపోతుంది. అయితే స్టెరైల్ వాటర్ ఆంప్యూల్స్ కూడా చూడటానికి అచ్చం ఇలాగే ఉంటాయి, వాటిలో ఉప్పుండదు. అక్షరాలు చదివి తీసుకోండి. నీల్‌మెడ్ లాంటి స్ప్రే డబ్బాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. లోపల ఉండేది ఇదే సెలైన్. నొక్కినప్పుడు బయటి గాలి లోపలికి పోకుండా డబ్బా కట్టుదిట్టంగా ఉంటుంది కనుక ఎక్స్‌పైరీ తేదీ దాకా వాడుకోవచ్చు. ఆ సౌకర్యానికే ధర ఎక్కువ. హాస్టల్లో ఉండేవాళ్లకూ రోజూ ప్రయాణాలు చేసేవాళ్లకూ ఆ డబ్బు పెట్టడం తప్పు కాదు, ఇంట్లో ఉండేవాళ్లకు ఆంప్యూల్స్ చాలు.

వాడే పద్ధతి: ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. స్టెరైల్ గాజుగుడ్డను నాలుగు మడతలు చేసి ఐదారు మిల్లీలీటర్ల సెలైన్‌తో తడిపి, బెజ్జం మీద రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచండి. పసుపుపచ్చగా, గాజుపెంకులా గట్టిగా ఉన్న పక్కు మెత్తబడి జెల్లీలా అవుతుంది. అప్పుడు గుడ్డతో మెల్లగా తుడిస్తే దానంతటదే వస్తుంది, రానిదాన్ని గోటితో గీకకండి. మిగిలిన సెలైన్‌ను ముందు నుంచి, వెనక నుంచి ధారగా పోయండి. చివరికి పొడి గాజుగుడ్డతో అద్ది ఆరనివ్వండి. రోజుకు రెండుసార్లు చాలు. ఐదారుసార్లు చేస్తే చర్మం ఎండి పగుళ్లిచ్చి, అదే కొత్త పుండవుతుంది. దూది, ఇయర్‌బడ్ వద్దు: వాటి నూలుపోగులు శీలకు, అంటే పుడక కాడకు, చుట్టుకుని లోపలికి జారతాయి.

ఇంట్లో ఉప్పు కలుపుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. లీటరుకు 9 గ్రాములు తూచి కలిపేవాళ్లు ఎక్కడో ఒకరు. చెంచా అటూ ఇటూ అయితే గాఢత రెట్టింపవుతుంది, చర్మం మండుతుంది. పైగా అది స్టెరైల్ కాదు. ఆంప్యూల్ దొరుకుతున్నప్పుడు ఈ కష్టం ఎందుకు?

మన ఇళ్లలో "పోగు తిప్పుతూ ఉండు, లేకపోతే పట్టేస్తుంది" అంటారు. ఈ ఒక్క మాట పక్కన పెడితే సగం సమస్యలు పోతాయి. బెజ్జం లోపలి గోడకు మొదటి వారాల్లో పలచటి కొత్త చర్మం పడుతూ ఉంటుంది. శీల మీద రసి ఎండి గరుకుగా ఉంటుంది. తిప్పినప్పుడల్లా ఆ గరుకు లోపలి చర్మాన్ని గీరేస్తుంది, మళ్లీ రసి కారుతుంది, మళ్లీ పక్కు కడుతుంది. మరలున్న ముక్కుపుడకతో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆ మరల సందుల్లోనే పక్కు దాక్కుంటుంది. బెజ్జం పూర్తిగా మానేదాకా నున్నటి కాడ ఉన్న టైటానియం పుడక మేలు, ఒంట్లో అమర్చే పరికరాలకు వాడే ఏఎస్‌టీఎం ఎఫ్136 రకం అడగండి. 22 క్యారెట్ల బంగారం కొత్త బెజ్జానికి సరిపడదు: మెత్తగా ఉండి గీతలు పడుతుంది, ఆ గీతల్లో మురికి చేరుతుంది. అమ్మ ఇచ్చిన పుడకను ఆర్నెల్ల తర్వాత పెట్టుకోవచ్చు.

చెవి తమ్మెకు ఆరు నుంచి ఎనిమిది వారాలు, ముక్కుకు నాలుగు నుంచి ఆరు నెలలు, చెవి పైభాగంలోని మృదులాస్థికి (మెత్తటి ఎముకకు) ఆర్నెల్ల నుంచి ఏడాది పడుతుంది. బయటికి మానినట్టు కనిపించాక కూడా లోపల పని జరుగుతూనే ఉంటుంది. హైదరాబాద్‌లో రోజూ బండి నడిపేవాళ్లు చెవి పైభాగం కుట్టించుకునే ముందు హెల్మెట్ గురించి ఆలోచించండి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ లోపలి మెత్త ఆ శీలను వంచుతుంది. బెజ్జం పక్కన ఎర్రటి బొడిపె లేవడానికి, అది ఎంతకీ తగ్గకపోవడానికి ఈ నొక్కుడే కారణం కావచ్చు. ఏ మందు రాసినా హెల్మెట్ రాపిడి తగ్గనిదే అది తగ్గదు. ఆ వైపుకు తిరిగి పడుకోవడం కూడా అంతే. ఈ బొడిపెను అందరూ కెలాయిడ్ అంటారు గానీ రెండూ ఒకటి కాదు. కెలాయిడ్ నెలల తరబడి పెరుగుతూ బెజ్జం హద్దు దాటి పాకుతుంది, దానికి చర్మవైద్యులే దిక్కు. టూత్‌పేస్ట్, టీ ట్రీ ఆయిల్ రాసి చర్మాన్ని కాల్చుకోకండి.

టెగాడెర్మ్ ఫిల్మ్

ఇది ఆస్పత్రుల్లో ఐవీ సూది (నరానికి పెట్టే సూది) మీద అంటించే పారదర్శకమైన పాలీయురెథేన్ పొర. నీళ్లను లోపలికి రానివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం మెల్లగా బయటికి వదులుతుంది. వంటింటి క్లింగ్ ఫిల్మ్‌కీ దీనికీ తేడా ఇదే. క్లింగ్ ఫిల్మ్ చెమటను బంధించి చర్మాన్ని నానబెడుతుంది. స్టూడియో నుంచి ఇంటికి చేరేదాకా అది సరే, రాత్రంతా ఉంచకూడదు.

టెగాడెర్మ్‌లో 6×7 సెం.మీ., 10×12 సెం.మీ. సైజులు సులువుగా దొరుకుతాయి. టాటూ అంచు దాటి నాలుగు వైపులా కనీసం రెండున్నర సెంటీమీటర్ల మంచి చర్మం మీద ఫిల్మ్ అంటుకోవాలి కాబట్టి, 10×12 ముక్క కిందికి వచ్చే టాటూ అరచేతిలో సగమే. పెద్దదానికి రోల్ కొనండి. ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికితే ఆ అతుకుల్లోంచే నీళ్లు దూరతాయి.

టాటూ వేసినవాళ్లే కడిగి, బాగా ఆరబెట్టి అంటించడం ఉత్తమం. కింద ఏ ఆయింట్‌మెంటూ ఉండకూడదు, జిగురు పట్టదు. సాగదీసి అంటించకండి, చర్మం బొబ్బలెక్కుతుంది. మర్నాటికి ఫిల్మ్ కింద నల్లటి ద్రవం సంచీలా నిలుస్తుంది. రంగంతా కారిపోతోందని భయపడి పీకేస్తారు చాలామంది. అది చర్మం వదిలిన ప్లాస్మాలో (రక్తంలోని పలచటి ద్రవంలో) మిగులు సిరా కలిసినది, టాటూలోని రంగు కాదు. 24 గంటలకు మొదటి ఫిల్మ్ తీసి, కడిగి, ఆరబెట్టి, రెండోది వేస్తే మూడు నాలుగు రోజులు ఉంచుకోవచ్చు. తీసేటప్పుడు గోరువెచ్చటి నీళ్ల కింద, అంచును పైకి కాకుండా చర్మానికి సమాంతరంగా పక్కకు సాగదీస్తూ తీయండి. అప్పుడే జిగురు నొప్పి లేకుండా వదులుతుంది.

దీని గట్టి లోపం మన ఎండాకాలం. మే నెలలో విజయవాడలో, రాజమండ్రిలో మధ్యాహ్నం బయట తిరిగేవాళ్లకు చెమటకు అంచు లేస్తుంది. అంచు నుంచి ద్రవం కారిందంటే బయటి మురికి లోపలికి పోయే దారి కూడా తెరుచుకున్నట్టే. పైన ఇంకో ముక్క అంటించి సరిపెట్టకండి, తీసేయండి. వెంట్రుకలు ఎక్కువున్న చోట, మోచేతి మడతలో నిలవదు. కొందరికి జిగురు పడదు: ఫిల్మ్ ఆకారంలోనే, అచ్చు గీసినట్టు చతురస్రంగా ఎర్రటి దద్దు, విపరీతమైన దురద. అలా అయితే ఇక వాడకండి. నాలుగు నెలల వేసవిలో బయట పని చేసేవాళ్లకు ఫిల్మ్ కంటే రోజుకు రెండుసార్లు కడుక్కోవడమే మేలని మా అభిప్రాయం.

అలా కడిగేవాళ్లకు: వాసన లేని, నురగ తక్కువ వచ్చే సెటాఫిల్ రకం క్లెన్సర్ వేలితో రాసి గోరువెచ్చటి నీళ్లతో కడగండి. టవల్ వద్దు, టిష్యూతో అద్దండి. పది నిమిషాలు ఆరాక, అరచేయంత టాటూకి శనగగింజంత మాయిశ్చరైజర్ చాలు. మెరుస్తూ జిడ్డుగా కనిపిస్తే ఎక్కువైనట్టే. వాసెలీన్ మందంగా పట్టించినప్పుడు పక్కు నాని ఊడిపోతుంది, దానితో రంగూ పోతుంది, అక్కడ తెల్లటి ఖాళీ మిగులుతుంది. నాలుగైదు రోజులకు పొట్టు లేచి దురద మొదలవుతుంది. గీకకండి, పైనుంచి అరచేత్తో మెల్లగా తట్టండి. పైచర్మం మానడానికి రెండు మూడు వారాలు. అప్పటిదాకా ఈతకొలను, సముద్రం, కోనేరు, నదీస్నానం ఏదీ వద్దు. సన్‌స్క్రీన్ కూడా మానాకే, ఈలోపు వదులైన నూలు చొక్కా నీడనివ్వాలి.

అరలోనే వదిలేయాల్సినవి

డెటాల్, స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, బెటాడిన్: క్రిములతో పాటు కొత్త కణాలనూ దెబ్బతీస్తాయి. కుట్టే ముందు చర్మం శుభ్రం చేయడానికి బెటాడిన్ సరైనదే, రోజూ మానుతున్న బెజ్జంలో పోయడానికి కాదు. నియోస్పోరిన్‌లో నియోమైసిన్ ఉంటుంది, సోఫ్రామైసిన్‌లోని ఫ్రామైసెటిన్ కూడా ఆ కుటుంబానిదే. దీనికి అలర్జీ వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు. ఆ దద్దును చూసి సెప్టిక్ అయిందనుకుని ఇంకాస్త రాస్తారు, ఇంకా ముదురుతుంది. పౌడరైతే రసితో కలిసి సిమెంటులా గట్టిపడి బెజ్జం నోరు మూసేస్తుంది, కింద చీము నిలుస్తుంది. వంటింటి పసుపు, గానుగ నూనె స్టెరైల్ కావు, కొత్త బెజ్జంలో నూనె మురికిని పట్టి ఉంచుతుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీములను డాక్టర్ రాయకుండా ముట్టుకోవద్దు.

మొదటి మూడు రోజుల ఎరుపు, కాస్త వాపు, తెల్లటి పలచటి రసి మామూలే. నాలుగో రోజు తర్వాత నొప్పి పెరుగుతున్నా, చిక్కటి పచ్చటి చీము వచ్చినా, ఎరుపు గీతలా పాకినా, జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. చెవి పైభాగమంతా ఎర్రబడి, వేడెక్కి, వాచి, తమ్మె మాత్రం మామూలుగా ఉంటే అస్సలు ఆగకండి. మృదులాస్థికి రక్తప్రసరణ తక్కువ, అక్కడ సూడోమోనాస్ లాంటి క్రిమి చేరితే చెవి ఆకారమే మారిపోవచ్చు. డాక్టర్‌ను చూసేదాకా పోగు తీయకండి. అది తీస్తే బెజ్జం మూసుకుపోయి చీము లోపలే ఉండిపోతుంది.