లూసర్న్ గడ్డి విత్తనం, ఆనంద్-2 రకం, కిలో ప్యాకెట్: గింజ మంచిదే, జల్లెడ మాత్రం మనం పట్టుకోవాల

మదనపల్లె పక్కన మాది. మూడు జెర్సీ క్రాసు ఆవులు. నేపియర్ గడ్డి ఎంత కోసి వేసినా దాణా ఖర్చు తగ్గట్లేదని అక్టోబరు ఆఖర్న బోరు కింద పది సెంట్లలో ఇది వేసినాం. ఎకరాకు ఎనిమిది నుంచి పది కిలోలు అంటారు కాబట్టి కిలో ప్యాకెట్ సరిగ్గా సరిపోయింది.

మొలక బాగుంది. ఒక్క మాట, ప్యాకెట్లో రైజోబియం కల్చర్ (వేర్లకు బుడిపెలు కట్టించి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే మేలు బ్యాక్టీరియా) ఇయ్యరు, విడిగా కొనాల. ఎప్పుడూ లూసర్న్ వేయని నేలైతే అది మానొద్దండి. చల్లార్చిన బెల్లం నీళ్ళతో గింజకు పట్టించి, నీడన ఆరబెట్టి, పైపైనే చల్లినాం. తొలి కోత తర్వాత ఒక మొక్క పీకి చూస్తే వేర్లకు బుడిపెలు, గిల్లితే లోపల గులాబీ రంగు. అంటే కల్చర్ పనిచేసినట్టే.

ఇంక అసలు గొడవ. రెండో కోతకు ముందు మడి మూలన పసుప్పచ్చ దారాలు చుట్టుకున్నట్టు కనబడింది. బంగారు తీగ! పక్క మొక్కను చుట్టుకుని దాని రసం పీల్చి బతికే కలుపు ఇది. విత్తనంలోనే కలిసి వచ్చింది. అంగడాయన్ని అడిగితే "కంపెనీ నుంచి అట్లే వస్తాదక్కా" అనేసినాడు. అది పట్టిన మొక్కల్ని చుట్టూ ఇంకో జానెడు కలిపి కోసి కాల్చినాం. మీరు చల్లకముందే సన్న జల్లెడ పట్టండి. లూసర్న్ గింజ నున్నగా, చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది. కిందికి రాలే చిన్న గరుకు గింజలే దొంగలు.

మేత సంగతికొస్తే, తొలి కోత రెండు నెలలకు, తర్వాత నెలకొకటి. ఆవులు కాడ కూడా మిగల్చవు. పాలు బకెట్లు బకెట్లు పెరిగిపోలేదు కానీ దాణా తగ్గించినా పాలు తగ్గలేదు, నాకు అదే లాభం. ఉత్త పచ్చిదే వేస్తే, అందులోనూ మంచు తడి మీద కోసింది వేస్తే కడుపుబ్బరం ఖాయం. ముందు వరిగడ్డి వేసి, కాస్త వాడిన లూసర్న్ తర్వాత వేస్తాం.

గట్టు వెంబడి ఒక సాలు కోయకుండా పూతకు వదిలినాను. మామిడిపూత అయిపోయినాక మా బావగారి తేనెపెట్టెల ఈగలకు ఏదో ఒకటి కావాల కదా. ఊదారంగు పువ్వు. అడుగు రేకును పుల్లతో నొక్కితే లోపలి కాడ టక్కున పైకి తన్నుతుంది! ఆ దెబ్బ తెలిసిన ఈగలు పక్కనుంచి మూతి దూర్చి తేనె లాగేస్తాయి. మా పిల్లోళ్ళకు పొద్దంతా ఇదే ఆట. పది సెంట్లకు తేనె డబ్బాలు నిండుతాయని మాత్రం అనుకోవద్దు.

ఐదుకు మూడు స్టార్లు. కోసేసిన రెండూ బంగారు తీగకే. ఈసారి నీలం ట్యాగు ఉన్న ధ్రువీకరణ విత్తనం దొరికితే అదే కొంటా.