రాత్రి మాత్ర, పగలు కొండ: ఆరు రోజుల నడక, నాలుగు బసలు

నాలుగో రోజు సాయంత్రం లాడ్జి మెట్ల మీద నేను పీతలా పక్కకి తిరిగి దిగుతున్నాను. రెండు చేతులతో రెయిలింగ్ పట్టుకోవడం, ఎడమ కాలు కింది మెట్టు మీద పెట్టడం, కుడి కాలు దాని పక్కకి లాక్కోవడం. మొత్తం 22 మెట్లు. తొడలు ముట్టుకుంటేనే సలుపు. మనసులో ఒకటే ప్రశ్న: ఇది కొండ చేసిన పనా, రాత్రి వేసుకునే మాత్ర చేసిన పనా?

ఏడాదిన్నరగా కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్ 20 ఎంజీ వాడుతున్నాను. ఇలాంటి మాత్రల్ని స్టాటిన్‌లు అంటారు, వాటితో కొందరికి కండరాల నొప్పులు వస్తాయి. వయసు 56. చెల్లి నాకంటే మూడేళ్లు చిన్నది, ఏ మాత్రా లేదు. ఇద్దరం కలిసే వెళ్లాం. ఇది చదివే వాళ్లలో కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటూ కొండ నడకకి వెళ్లాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ఉంటారని, బసల గురించి, సేవల గురించి నా కాళ్లు ఏమన్నాయో అదే రాస్తున్నాను. కిటికీలోంచి కనిపించే దృశ్యానికి నేను మార్కులు వేయలేదు. మంచం ఎత్తుకి వేశాను.

బయల్దేరే ముందు డాక్టర్ మాత్ర ఆపొద్దన్నారు. థైరాయిడ్, విటమిన్ డి చూపించుకోమన్నారు. ఆ రెండూ తక్కువైతే ఒళ్లు నొప్పులు వాటంతట అవే వస్తాయి, మాట మాత్రకి వస్తుంది. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే క్రియాటిన్ కైనేజ్, అంటే సీకే టెస్ట్ కూడా ఒకసారి చేయించి పెట్టుకోమన్నారు, తర్వాత పోల్చి చూడ్డానికి. నాది 118 వచ్చింది. ఎనిమిది వారాలు రోజూ నడిచాను. అక్కడే ఒక తప్పు చేశాను. నడిచిందంతా చదును నేల మీద, ఎక్కిందంతా మెట్లు. దిగడం సాధన చేయాలని తట్టనే లేదు.

మొదటి రోజు అంతా ఎక్కుడు. నడక సంస్థ వాళ్లు ఇచ్చిన గైడ్ కుర్రాడు ఈ మొత్తం యాత్రలో నాకు దొరికిన గొప్ప వసతి. ముందు నడుస్తూ మాటిమాటికీ వెనక్కి తిరిగి, "మేడమ్, మాట్లాడుతూ నడవగలుగుతున్నారా?" అని అడిగేవాడు. మాట తెగిపోతే ఆగిపోయేవాడు. అయినా సగం దారిలో నాకు ఆయాసం వచ్చింది, చెల్లికి రాలేదు. చెల్లి మంచిదే, కానీ ఆ రోజు మాత్రం చూడబుద్ధి కాలేదు.

ఆ ఆయాసం వెనక నాకో పాత గుబులు ఉంది. స్టాటిన్‌లు కాలేయంలో కొలెస్ట్రాల్ తయారయ్యే దారిలో మొదట్లోనే ఒక ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్తే కోఎంజైమ్ క్యూ10 తయారవుతుంది. కండరాల కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాకి అది కావాలి. దారి మొదట్లో కట్ట వేస్తే చివరి మడికి నీళ్లు తగ్గవా అన్నది అనుమానం. 2013లో అమెరికాలో ఒక చిన్న అధ్యయనం వచ్చింది. బరువు ఎక్కువున్న 37 మందితో 12 వారాలు వ్యాయామం చేయించారు, దాదాపుగా సగం మందికి సిమ్వాస్టాటిన్ అనే ఇంకో స్టాటిన్ 40 ఎంజీ ఇచ్చారు. మాత్ర లేనివాళ్ల దమ్ము సగటున 10 శాతం పెరిగింది, మాత్ర వేసుకున్నవాళ్లది 1.5 శాతమే. చదివిన రోజు నుంచి ఆ 1.5 నా బుర్రలో తిష్ఠ వేసింది. ఎనిమిది వారాల నా నడకంతా వృథాయేనా అని మొదటి రోజు ఎక్కుడులో అనుకుంటూనే ఉన్నాను.

మొదటి బస గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పొడుగాటి హాలు, వరసగా రెండంతస్తుల మంచాలు. కింది మంచం అడిగితే మారు మాట్లాడకుండా ఇచ్చారు. పడుకున్నాను, లేచాను.

రెండోది ఒక ఇంట్లో బస. నాలుగింటిలోకీ ఇదే మేలు. గది కింది అంతస్తులోనే. మంచం మోకాలంత ఎత్తు, కూర్చుంటే పాదాలు నేలకి ఆనేవి. లేవాలంటే చేతులు ఊనక్కర్లేదు. వేడి నీళ్లు బకెట్టు కాదు, కావలసినన్ని. ఇంటావిడ మమ్మల్ని చూడగానే గ్రేప్‌ఫ్రూట్ (ద్రాక్ష కాదు, పంపరపనస లాంటి పండు) రసం తెచ్చి పెట్టారు. నేను వద్దన్నాను. ఆవిడ చిన్నబుచ్చుకుంటే చెప్పక తప్పలేదు: "అది నా మందుకి పడదండీ." ఆ పండులోని పదార్థాలు పేగుల్లో మందుని విరగ్గొట్టే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, దాంతో సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్ లాంటివి రక్తంలో పెరిగిపోతాయి. ఒక గ్లాసుతో కొంప మునగదు గానీ, రోజూ ఎక్కువగా తాగితే కండరాలకి మంచిది కాదు. రోసువాస్టాటిన్, ప్రవాస్టాటిన్ వాడేవాళ్లకి ఈ బెడద లేదు. ఆవిడ రెండో మాట అనకుండా ఇద్దరి గ్లాసులూ చెల్లి ముందు పెట్టేశారు.

మూడో రాత్రి డేరాలో. ఇక్కడ సేవకి వంక పెట్టను. డేరాలు శుభ్రంగా ఉన్నాయి, మా సంచులు మాకంటే ముందే చేరాయి. ఆ సంచులు మోసే ఏర్పాటు లేకపోతే నేను రెండో రోజే వెనక్కి తిరిగేదాన్ని. కానీ నేల మీద పడక! స్టాటిన్ నొప్పి వచ్చేవాళ్లకి సాధారణంగా రెండు వైపులా, తొడల్లో, తుంటి దగ్గర, పిక్కల్లో వస్తుంది. చతికిలబడి లేవడమే వాళ్లకి అసలు పరీక్ష. డేరాలో రాత్రి రెండుసార్లు లేవాలంటే ముందు బోర్లా తిరిగి, మోకాళ్ల మీదకి వచ్చి, డేరా కర్ర పట్టుకుని నిలబడ్డాను. కర్ర ఊగింది, చెల్లి లేచి కూర్చుంది. తొడల నొప్పి ముందు నుంచే ఉన్నవాళ్లు డేరా రాత్రి వదిలేయమనే చెప్తాను. ఒక మడత కుర్చీ పెట్టి ఉంటే ఇంత రాసేదాన్ని కాదు.

నాలుగో రోజు కనుమ దాటి దిగుడు. ఆరు గంటలు దిగుతూనే ఉన్నాం. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పని చేస్తుంది. దిగేటప్పుడు సాగుతూ బరువుని ఆపుతుంది, బ్రేకు మీద కాలు పెట్టి లారీని దించినట్టు. కండరపు పోగులు సన్నగా చిట్లేది అప్పుడే. అలవాటు లేని దిగుడు తర్వాత నొప్పి ఒకటి రెండు రోజులకి ముదిరి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. ఇదంతా తెలుసు. తెలిసినా సాయంత్రం లాడ్జికి వచ్చి, పై అంతస్తు గది ఇచ్చామంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. కింది గది కావాలని ముందే రాసి పంపాం. "ఖాళీ లేదమ్మా" అన్నారు. కింద రెండు గదులు తాళం వేసే ఉన్నాయి.

అక్కడే ప్రథమ చికిత్స చూసే మనిషి ఒకాయన ఉన్నారు. నేను దిగే తీరు చూసి, ఏ మందులు వాడుతున్నారని అడిగి, స్టాటిన్ అనగానే, "అదే! ఇవాళ్టి నుంచి ఆపేయండి" అన్నారు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, మూత్రం రంగు ఎలా ఉంది... ఒక్కటీ అడగలేదు. ఈ యాత్రలో నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం వచ్చింది ఆ మాటకే, గది విషయానికి కూడా కాదు.

అప్పుడే చెల్లి స్నానం చేసి బయటికొచ్చింది. గోడ పట్టుకుని వస్తోంది. "అక్కా, నా తొడలు నావి కావే" అని మంచం మీద వాలిపోయింది. మాత్ర లేని మనిషి!

నిజానికి నా నడకకి దగ్గరగా ఉన్న లెక్క ఒకటుంది. నెదర్లాండ్స్‌లో నైమేఖన్ అనే ఊళ్లో ఏటా జులైలో నాలుగు రోజుల నడక జరుగుతుంది, రోజుకి 30, 40 లేదా 50 కిలోమీటర్లు. అక్కడ స్టాటిన్ వాడి నొప్పులున్నవాళ్లని, వాడినా నొప్పుల్లేనివాళ్లని, అసలు వాడనివాళ్లని పరిశీలించి 2023లో ఫలితాలు వేశారు. నడక వల్ల కండరాల దెబ్బని చూపించే గుర్తులు మూడు గుంపుల్లోనూ ఒకేలా పెరిగాయి. నొప్పులు ముందే ఉన్నవాళ్లకి ఉన్నాయి, నడక వాటిని మిగతావాళ్ల కంటే ఎక్కువేమీ పెంచలేదు. అయితే నడక వేరు, పరుగు వేరు. 2011 బోస్టన్ మారథాన్ పరిగెత్తినవాళ్లలో స్టాటిన్ వాడేవారికి సీకే మిగతావారికంటే ఎక్కువ పెరిగింది. అందుకే మారథాన్‌కి వెళ్లేవాళ్లకి నా మాట పనికిరాదు.

నా 1.5 గుబులుకి కూడా ఎదురు లెక్క ఉంది. అదే 2013లో 420 మందితో ఆర్నెల్ల అధ్యయనం జరిగింది, సగం మందికి అటోర్వాస్టాటిన్ 80 ఎంజీ, నా మోతాదుకి నాలుగింతలు. సగటున కండరాల బలం గానీ, వ్యాయామం చేసే శక్తి గానీ తగ్గలేదు. కానీ కండరాల నొప్పి మాత్రం మాత్ర వాళ్లలో 9.4 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాళ్లలో 4.6 శాతం మందికి వచ్చింది. అంటే మాత్ర నొప్పి కల్పితం కాదు, కొందరికి నిజంగానే ఉంది. అలాగని మాత్ర మీద పడే ప్రతి నిందా నిజం కాదు. బాధలు భరించలేక స్టాటిన్ మానేసిన 60 మందికి లండన్‌లో ఏడాది పాటు కొన్ని నెలలు స్టాటిన్, కొన్ని నెలలు ఉత్తుత్తి మాత్ర, కొన్ని నెలలు ఖాళీ సీసా ఇచ్చి చూశారు. ఖాళీ నెలలతో పోలిస్తే స్టాటిన్ నెలల్లో పెరిగిన బాధలో 90 శాతం ఉత్తుత్తి మాత్రతోనూ వచ్చింది. 2020లో వచ్చింది ఇది. మనిషి కదా, భయపడుతూ మింగితే పంచదార కూడా నొప్పి పుట్టిస్తుంది.

అయినా ఆ రాత్రి బాత్‌రూమ్‌లో లైటు చాలక టార్చి వేసి మరీ చూసుకున్నాను. లేత పసుపు. అది కోలా రంగులోకో, చిక్కటి డికాక్షన్ రంగులోకో తిరిగితే, పైగా కండరాలు పట్టేసి నీరసం ముంచుకొస్తే, మాత్ర ఆపి ఆ రాత్రికి రాత్రే ఆస్పత్రికి వెళ్లాలి. కండరాలు కరిగి మూత్రపిండాల మీద పడే జబ్బు అది. చాలా అరుదు, స్టాటిన్ వాడే పదివేల మందిలో ఒకరికి కూడా రాదంటారు. కానీ రోజంతా ఎండలో నీళ్లు తాగకుండా నడిస్తే ఆ ముప్పుకి మనమే దారి తీసినట్టు. గైడ్ కుర్రాడు గంటకోసారి నీళ్ల సీసా ఎత్తి చూపించేది ఎందుకో అప్పుడు అర్థమైంది. చూసుకున్నాక మాత్ర వేసుకుని పడుకున్నాను.

ఇంకో సంగతి. మా బృందంలో ఒకాయనకి దగ్గు పట్టుకుంటే, తోటివాళ్లు ఎవరో తమ సంచిలోంచి క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ తీసి ఇవ్వబోయారు. ఆయన సిమ్వాస్టాటిన్ మీద ఉన్నారు. ఆ రెండూ కలవకూడదు. ఇలాంటి నడకల్లో సంచులన్నీ మందుల షాపులే, అందరూ దాతలే. మీరు వాడే మందు పేరు ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

ఐదో రోజు విశ్రాంతి అదే లాడ్జిలో. గది మార్చమని మళ్లీ అడిగాం, ఈసారి మార్చారు. ఆరో రోజు ఉదయానికి నొప్పి సగమైంది. చివరి దిగుడు చిన్నదే, రెండు చేతికర్రలు అద్దెకి తీసుకుని దిగాను. మొదటి రోజే తీసుకోవాల్సింది. దిగేటప్పుడు మోకాళ్ల మీదా తొడల మీదా పడే బరువుని అవి ఎంతో కొంత పంచుకుంటాయి. లాడ్జి మీద కోపం అలాగే ఉంది గానీ, అక్కడి కర్రలు మాత్రం కొత్తవి, రబ్బరు బిరడాలు అరిగిపోలేదు.

తిరిగొచ్చిన వెంటనే సీకే చేయించుకోలేదు. గట్టిగా ఒళ్లు అలిసిన తర్వాత అది ఎవరికైనా పెరుగుతుంది, ఆ అంకె చూసి డాక్టరూ కంగారు పడొచ్చు. పది రోజులు ఆగి చేయిస్తే 131. తొడలు అప్పటికి మామూలే. డాక్టర్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసి, అదే మందు, అదే మోతాదు రాశారు. రెండు వారాలకీ నొప్పి తగ్గకపోతేనో, ఏమీ చేయకుండా కూర్చున్నా ఉంటేనో రమ్మన్నారు. అప్పుడు కొన్నాళ్లు ఆపి చూసి, మోతాదు తగ్గించడమో, వేరే స్టాటిన్‌కి మారడమో, ఎజెటిమైబ్ అనే ఇంకో రకం కొలెస్ట్రాల్ మందు కలపడమో చేస్తారట. క్యూ10 గోళీలు వేసుకోనా అంటే, మేలు చేస్తాయని పరీక్షల్లో గట్టిగా తేలలేదన్నారు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు మెట్లు ఎక్కడం మానేసి దిగడం చేస్తున్నాను. లిఫ్ట్‌లో పైకి, కాళ్ల మీద కిందకి. చూసేవాళ్లు నవ్వుకుంటారు. వచ్చేసారికి చెల్లి మళ్లీ అదే దారి అంటోంది. రెండో బస ఇంటావిడకి ఫోన్ చేసి కింది గది రెండు రాత్రులకి చెప్పాను. డేరా బదులు ఇంకో రాత్రి అక్కడే. "రసం ఒక్క గ్లాసేనా?" అని అడిగారు.