పోర్షే 911కి వెనక చక్రాల స్టీరింగ్ పెట్టించాల్నా, ముందువి తిరిగితే చాలా?

మా బామ్మర్ది 911 కరేరా ఎస్ తీసుకుందామని ఫిక్స్ అయ్యిండు, ఇల్లు గడిచేది ఎట్లనో వాడి ఇష్టం, కానీ ఆప్షన్ల లిస్టులో రియర్ యాక్సిల్ స్టీరింగ్ దగ్గర ఆగిపోయి "బావా, ఇది పెట్టించాల్నా, అవే పైసలు ఫ్రంట్ లిఫ్ట్ మీద పెడదామా" (బండి ముక్కును కొంచెం పైకి లేపేది) అని రోజుకు రెండుసార్లు ఫోన్. వాడికి చెప్పిందే ఇక్కడ పెడుతున్నా.

స్లోగా పోతుంటే వెనక చక్రాలు ముందువాటికి ఎదురు తిరుగుతయి, స్పీడ్‌లో ముందువాటితో పాటు ఒకే వైపు తిరుగుతయి, అంతే సంగతి. 2013లో వచ్చిన 911 జీటీ3లో పోర్షే పెట్టిన లెక్క 50 కిలోమీటర్ల కింద ఎదురు, 80 పైన ఒకే వైపు. వెనక యాక్సిల్ దగ్గర చిన్న మోటార్లు ఆ పని చేస్తయి. ఎంత తిరుగుతయనుకున్నరు? ఆ జీటీ3లో మహా అయితే 1.5 డిగ్రీలు, అంటే గడియారంలో సెకన్ల ముల్లు పావు సెకనులో జరిగేంత. దానికి ఇంత లొల్లా అనిపిస్తది కదా, నాకూ అట్లనే అనిపించింది.

పార్కింగ్ వరకైతే ఆ మాట నిజమే. ముందు చక్రాలు 35 డిగ్రీలు తిరిగినప్పుడు వెనకవి 1.5 ఎదురు తిరిగితే మలుపు ఒక 4 శాతమే చిన్నదైతది, అదే 10 డిగ్రీలు తిరిగితే 20 శాతం దాకా తగ్గుతది. అందుకే మెర్సిడెస్ ఎస్ క్లాస్ లాంటి పొడుగు బండికి 10 డిగ్రీలది పెట్టిస్తే యూటర్న్‌లో దాదాపు 2 మీటర్లు మిగులుతది. కాకపోతే దాంట్లో ఒక మెలిక ఉంది, మా ఫ్రెండ్ ఒకడు అట్లాంటి పెద్ద సెడాన్‌నే మణికొండలో వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి తీస్తూ స్టీరింగ్ పూర్తిగా తిప్పేసిండు, ముందు అంతా క్లియర్, వెనక బంపర్ పోయి పిల్లర్‌కు రాసుకుంది. ఎదురు తిరిగినప్పుడు తోక బయటికి ఊగుతదని వాడికి అప్పుడే తెలిసింది. పిల్లర్ మీది పసుపు నలుపు పెయింట్ అరచెయ్యంత బంపర్‌కు అంటింది.

అసలు మజా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు, అదే ఓఆర్ఆర్ మీద. 120లో లేన్ మారినప్పుడు మామూలు బండిలో ముందు టైర్లు పట్టుకుంటయి, ముక్కు తిరుగుతది, బాడీ కొంచెం వంకర అయినంక గానీ వెనక టైర్లకు పక్కకు తోసే బలం రాదు, ఆ రెప్పపాటు గ్యాప్‌లోనే తోక ఊగినట్టు అనిపిస్తది, బస్సులో చివరి సీట్ల కూర్చున్నోళ్లకు ఇది బాగా తెలుసు. వెనకవి కూడా ఒకే వైపు ఒక్క డిగ్రీ తిరిగినా ఆ గ్యాప్ తగ్గిపోతది, బండి మొత్తం ఒక్క ముక్కలాగ పక్క లేన్లకు జరుగుతది. 911లో ఇంజిన్ వెనక యాక్సిల్‌కు కూడా వెనక వేలాడుతుంటది కాబట్టి దీనికి ఇంకా కలిసొస్తది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, గ్రిప్ పెరగదు, టైర్ హద్దు టైర్‌దే, అరిగిన టైర్లేసుకుని వానలో దీన్ని నమ్ముకుంటే అంతే సంగతులు.

మరి లేకపోతే నష్టమా అంటే, అదీ కాదు. పోర్షేదే 718 కేమన్‌లో ఇది లేదు, దాని జీటీ4 మోడల్‌లో కూడా లేదు, మెక్‌లారెన్ 720ఎస్‌లోనూ లేదు, ఎవరూ వాటిని చెత్త హ్యాండ్లింగ్ అనరు. ఇంజిన్ నడుములో ఉన్న బండి దానంతట అదే చురుగ్గా తిరుగుతది. పాత నిస్సాన్ స్కైలైన్లలో హైకాస్ అని వెనక చక్రాల స్టీరింగే ఉండేది, డ్రిఫ్ట్ కొట్టేటోళ్లు, అంటే కావాలని తోక జార్చి తోలేటోళ్లు, చాలామంది దాన్ని పీకేసి వెనక స్టీరింగ్‌ను లాక్ చేసుకునేటోళ్లు, తోక ఎటు పోతదో వాళ్లకు చేతుల్లో తెల్వాలె, మధ్యల ఇంకోడు చెయ్యి పెట్టొద్దు. 1987 హోండా ప్రెల్యూడ్‌దైతే ఇంకో రకం, కంప్యూటర్ లేదు, స్పీడ్‌తో సంబంధం లేదు, ముందు నుంచి వెనక్కి ఒక రాడ్డు, స్టీరింగ్ కొంచెం తిప్పితే వెనకవి అదే వైపు 1.5, బాగా తిప్పితే ఎదురు 5.3 డిగ్రీలు. హైవేలో ఎవరూ స్టీరింగ్ బాగా తిప్పరు కదా, ఆ ఒక్క ముక్క మీద మొత్తం నడిపించిన్రు, నాకు ఇప్పటికీ అదే ముద్దొస్తది.

ఖర్చు సంగతి, పార్టులు పెరిగితే బిల్లు పెరుగుతది, అలైన్‌మెంట్ కూడా సందు చివర షాపులో చేయించే పని కాదు.

నా ఓటు: కేమన్ అయితే దీని గురించి ఆలోచనే వద్దు, మంచి టైర్లు వేయించుకో. 911 అయి, శనివారం పొద్దున్నే కోకాపేట నుంచి శంషాబాద్ దాకా తోలేటోడివైతే రియర్ స్టీర్ పెట్టించు, తోలినప్పుడల్లా తెలుస్తది. కానీ రెండింట్లో ఒక్కదానికే పైసలున్నయంటే మాత్రం కళ్లు మూసుకుని ఫ్రంట్ లిఫ్ట్, ఎందుకంటే ఓఆర్ఆర్ ఎక్కాలంటే ముందు మీ కాలనీలో ఉన్న ఆరు స్పీడ్ బ్రేకర్లు దాటాలె.